పద్దెనిమిదో నంబరు సైకిలు

మారతహళ్ళిలో పుట్టి పెరిగి నడివయసుకొచ్చిన మగవాణ్ణి ఎవరినైనా ఆపి, నీకు సైకిలు నేర్పింది ఎవరని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది హనుమంతు పేరే చెబుతారు. పదోవాడు పడి పళ్ళు రాలగొట్టుకొని మానేసినవాడు. వాడు పడింది కూడా హనుమంతు సైకిలు మీది నుంచే.

హనుమంతుది బాడుగ సైకిళ్ళ అంగడి. పదిహేడు సైకిళ్ళు, వెనక మడ్‌గార్డుల మీద తెల్ల రంగుతో ఒకటి నుంచి పదిహేడు దాకా నంబర్లు. కాళ్ళు అందని పిల్లలు వస్తే తనే బయటికొచ్చి, సీటు పట్టుకొని, "ఎక్కప్పా, నేను పట్టుకొనుండా" అనేవాడు. కొంతదూరం వెనకే పరిగెత్తి, చెప్పకుండా చెయ్యి వదిలేసేవాడు. చెబితే పడతారని ఆయన సిద్ధాంతం. ఇంకొకటి కూడా ఉండేది, అది సిద్ధాంతం కాదు, శాసనం. బ్రేకుకి నూనె తగలకూడదు. చెయినుకు పెట్టు, బేరింగులకు పెట్టు, కావాలంటే నీ నెత్తికి పెట్టుకో, అంతేగానీ రిమ్ము మీద ఒక్క చుక్క పడిందా, పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి ఆ పూట మూడినట్టే. "నూనె తగిలిన బ్రేకు ప్రాణం తీస్తాదప్పా" అని ముప్పై ఏళ్ళు చెప్పాడు. నిద్రలో కూడా అదే కలవరించేవాడని ఆయన భార్య మునివెంకటమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఈ బ్రేకూ నూనే సంగతి కాస్త గుర్తుంచుకోండి. మన మహానుభావుడు బోర్లా పడబోయేది అక్కడే.

రింగురోడ్డు వచ్చింది. అంగడి రోడ్డు కిందికి పోయింది. ఊళ్ళో అందరికీ మోటారు బళ్ళు వచ్చి, సైకిళ్ళు కూడా ఒక్కొక్కటే పోయాయి. ఏడో నంబరు ఒక్కదాన్ని మాత్రం గోనెసంచిలో చుట్టి వెనకగదిలో కొక్కేనికి వేలాడదీశాడు. దాన్నెందుకు ఉంచుకున్నాడో ఆయనకే తెలియదు. మేడమీద ఒక గది వేసి, ఒంగోలు నుంచి వచ్చిన ప్రిస్కిల్లా అనే నర్సమ్మాయికి అద్దెకిచ్చాడు. ఆ తర్వాత చేతికి పని లేదు. కారని కుళాయిని విప్పి బిగించేవాడు, కిర్రుమనని తలుపుకు నూనె పెట్టేవాడు. మునివెంకటమ్మ ప్రాణం విసిగిపోయేది.

అలా ఉండగా 2006 జూలైలో డాక్టరు ఆ మాట అన్నాడు.

మునివెంకటమ్మకి షుగరు నాలుగేళ్ళుగా ఉంది. ఆ రోజు మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో తొమ్మిది దాటింది. "దినామూ అరగంట కాళ్ళాడల్లమ్మా. దీపావళి ముందర మళ్ళా రక్తం చూస్తాను. తగ్గకుంటే సూదే, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి" అన్నాడు డాక్టరు.

పెరట్లోకి వచ్చిన నాగుపామును చీపురుతో అదిలించి పంపిన మనిషి మునివెంకటమ్మ. అలాంటి మనిషికి సూదంటే చచ్చేంత భయం. రక్తం ఇవ్వడానికి కూర్చుంటే మొగుడి చెయ్యి పట్టుకొని ఎంత పిసికేదంటే, ఆయన వేళ్ళకి సాయంత్రం దాకా స్పర్శ ఉండేది కాదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఒకటే మాట అంది.

"నేను సూదులు మాత్రం పొడిపించుకోను. ఏమైతే అది కానీ."

అది ఊరికే అన్న మాట కాదని హనుమంతుకి తెలుసు. ఆమె తల్లి కూడా ఇలాగే మొండికేసింది. యాభై రెండేళ్ళకి చూపు పోయింది, యాభై నాలుగుకి మనిషే పోయింది. మునివెంకటమ్మకి ఆ ఏడు యాభై ఒకటి.

సరే, నడవమన్నాడు. రెండు రోజులు నడిచింది. మూడో రోజు నీళ్ళ ట్యాంకరువాడు చెవి పక్కనే హారను కొడితే, ఎదురుగా కనబడిన గేటెక్కి ఎవరిదో కాంపౌండులో దూకింది. నడక అక్కడితో సరి.

బెళ్ళందూరులో ఒక జిమ్ము మూసేస్తున్నారని, సామాను అమ్ముతున్నారని ఎవరో చెప్పారు. హనుమంతు వెళ్ళాడు. ఆ గదిలో మూలన ఉంది అది. ముందు ఒక బరువైన ఇనప చక్రం, వెనక చక్రమే లేదు. హ్యాండిలుంది, సీటుంది, పెడళ్ళున్నాయి, హ్యాండిలు కింద గట్టిగానో వదులుగానో తిప్పుకోవడానికి ఒక ఎర్ర గుండీ ఉంది. ఎంత తొక్కినా ఉన్నచోటనే ఉంటుంది. హనుమంతు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. అయిదేళ్ళ తర్వాత ఒక సైకిలు మీద చెయ్యి వేశాడు పాపం, ఆయన మొహం చూడాలి.

జిమ్ము చూసుకునే కుర్రాడు తేజస్ ఒక అచ్చు కాగితం చేతికిచ్చి, "అంకుల్, ఇది నార్మల్ సైకిల్ మాదిరి కాదు. మెయింటెనెన్స్ స్వల్ప డిఫరెంటు. వారానికొకసారి బ్రేక్ ప్యాడ్‌కి..." అని మొదలుపెట్టాడు.

"సైకిలు గురించి నాకు చెప్తావా అప్పా? నువ్వు పుట్టకముందే నేను పంచరేసినవాణ్ణి" అన్నాడు హనుమంతు. ఆ కాగితం లగేజీ ఆటోలో ఇంటికొచ్చి, వంటింటి అరలో పప్పుల డబ్బాల కింద పరుపయింది.

హాల్లో దించిన వెంటనే హనుమంతే ముందు ఎక్కాడు. తొక్కాడు. బ్రహ్మాండంగా ఉంది. "చూడు మునెమ్మా, ఎట్ల పోతా ఉండాదో" అని చెప్పడానికి కాళ్ళు ఆపాడు. కాళ్ళు ఆగాయి గానీ పెడళ్ళు ఆగలేదు. ఆ ఇనప చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది, దాంతో పెడళ్ళూ తిరిగాయి, పెడళ్ళతో హనుమంతూ లేచాడు. సీటు మీంచి లేచినవాడు హ్యాండిలును కావలించుకొని ఆగాడు. మునివెంకటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"కాళ్ళాపితే పెడళ్ళాపే ఫ్రీవీలు పట్టేసుండాది. నన్ను మోసం చేసినారు" అన్నాడాయన కిందికి దిగి. ఆ మధ్యాహ్నమే అంతా విప్పి, పళ్ళచక్రాన్ని గుడ్డలో కట్టుకొని, 335 బస్సెక్కి బళేపేట పోయాడు. సైకిలు సామాన్లమ్మే ముసలి సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీంట్లో ఫ్రీవీలే లేదు హనుమంతన్నా. ఇది ఇట్లే ఉండాల. తొక్కడం మొదలుపెడితే మధ్యలో కాళ్ళాపేది లేదు" అని నవ్వాడు. హనుమంతు ఇంటికొచ్చి, అదంతా తనకి ముందే తెలిసినట్టు భార్యకి వివరించాడు.

ఇంక చూడండి ఆ ఇంట్లో సంబరం. సైకిలన్నాక గంట ఉండాలి కదా, గంట బిగించాడు. పాత సామాన్లలోంచి డైనమో తీసి ఇనప చక్రానికి ఆనించి, ముందు లైటు పెట్టాడు. కరెంటు పోయినప్పుడు ఆమె తొక్కుతుంటే హాలంతా వెలుగు. బురదే లేని చోట మడ్‌గార్డు ఎందుకని మునివెంకటమ్మ అడిగింది. "నంబరు యాడ రాసేది మరి?" అన్నాడు. మడ్‌గార్డు వేసి తెల్ల రంగుతో 18 అని రాశాడు. చెమట పడితే ఇనుము తుప్పు పడుతుందని పొడిగుడ్డ పట్టుకొని పక్కనే నిలబడేవాడు. రోజూ బోల్టులు చూసేవాడు, వారానికి రెండుసార్లు చెయినుకి నూనె పెట్టేవాడు. మనిషికి పదేళ్ళు తగ్గాయి.

మునివెంకటమ్మ నాట్లేసే రోజుల్లోలాగా చీర కచ్చె పోసి, గోచీలా వెనక్కి దోపి కట్టేది. మొదటి రోజు అయిదు నిమిషాలు. వారానికి పది. ఆగస్టు నడిమికి అరగంట. ఎక్కడికీ పోని సైకిలు మీద ఆమె పోని ఊరు లేదు. "ఈ పొద్దు హొసకోట దాకా పోయినా, సంతలో వంకాయలు బాగుండాయి" అనేది గంట మోగిస్తూ. "ఆ బస్సుకి దారియ్యి, ఆ బస్సుకి" అని హనుమంతు వంటింట్లోంచి అరిచేవాడు. ముసలాళ్ళిద్దరికీ పిచ్చెక్కిందని వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

సెప్టెంబరులో బ్రేకు కూయడం మొదలుపెట్టింది.

ఆ బ్రేకు ఒక తోలుముక్క. ఎర్ర గుండీ తిప్పితే అది చక్రం మీదికి దిగి రాసుకుంటుంది. మొదట కీచుమంది. మర్నాటికి కేక పెట్టింది. మూడో రోజుకి ఎవరో పీక నొక్కుతున్నట్టు అరవసాగింది. వీధిలో కుక్కలన్నీ గేటు దగ్గర చేరి, తలలెత్తి దాంతో పాటు ఊళ పెట్టాయి. హనుమంతు తోలు విప్పి కిరసనాయిలుతో కడిగి, ఎండబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, చక్రాన్ని కూడా జిడ్డు లేకుండా తుడిచి బిగించాడు. ఇంకా గట్టిగా అరిచింది, కాలిన తోలు వాసన కూడా వచ్చింది. బళేపేట పోయి కొత్త తోలు తెచ్చి వేశాడు. రెండు రోజులు బాగుండి, మూడో రోజు అదీ మొదలుపెట్టింది. గుండీ పూర్తిగా వదిలేసి తొక్కమన్నాడు. బ్రేకు పట్టు లేని చక్రం ఆమె కాళ్ళను లాక్కొని పోయింది, పెడలు వచ్చి పిక్కకి తగిలింది.

రాత్రంతా ఆస్పత్రిలో పనిచేసి వచ్చి పగలు పడుకునే ప్రిస్కిల్లా, ఒకరోజు ఎర్రటి కళ్ళతో మెట్లు దిగింది.

"ఏం పర్లేదు ఆంటీ, మీరు తొక్కుకోండి. నేను చెవుల్లో దూది పెట్టుకుంటానండీ" అంది.

ఆ మాటకి మునివెంకటమ్మ సిగ్గుతో చితికిపోయింది. "వీధంతా నిద్ర చెడగొట్టి నేను బతకల్లా?" అని ఆ రోజే కచ్చె విప్పేసింది. సాయంత్రమన్నా తొక్కమంటే కుక్కల వంక చూపించింది. దీపావళికి నెల కూడా లేదు. హనుమంతు కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాడు. ముప్పై ఏళ్ళలో తన చేతికి లొంగని సైకిలు లేదు. ఇప్పుడు ఒక్కటి, ఈ ఒక్కటే నడవాల్సిన సమయంలో, లొంగడం లేదు. తన చేతకానితనం వల్ల ఈ మనిషి కళ్ళు పోతాయేమో అన్న ఆలోచన వచ్చేసరికి ఆయనకి అన్నం సయించలేదు.

ఒకరోజు ప్రిస్కిల్లా కందిపప్పు అప్పు అడగడానికి వచ్చి, డబ్బా ఎత్తినప్పుడు దాని కింద కాగితం చూసింది. బయటికి లాగి చదివి, "అంకుల్, ఇందులో రాశారు చూడండి. బ్రేకు తోలు ఎండిపోతే శబ్దం వస్తుందట. వారానికోసారి నూనె చుక్కలు వెయ్యాలట" అంది.

హనుమంతు ఆమె వంక జాలిగా చూశాడు. "అది అచ్చు తప్పమ్మా. బ్రేకుకని పడింది, చెయినుకని పడాల" అన్నాడు. ప్రిస్కిల్లా మళ్ళీ చదివింది, మళ్ళీ చెప్పింది. "బ్రేకుకి నూనె పెట్టమని రాసినవాడు సైకిలే చూసుండడు" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. మునివెంకటమ్మ కాగితాన్ని మళ్ళీ డబ్బాల కింద పెట్టింది.

ఆయుధపూజ వచ్చింది. బెంగుళూరులో ఆ రోజు చక్రమున్న ప్రతిదీ దేవుడే. పొద్దున్నే హనుమంతు పూలకీ, బూడిదగుమ్మడికాయకీ, చక్రాల కింద పెట్టే నిమ్మకాయలకీ బజారు పోయాడు. తిరిగొచ్చేసరికి హాల్లో మునివెంకటమ్మ సైకిలు ముందు కూర్చొని ఉంది. ఒళ్ళో కుట్టుమిషను నూనెబుడ్డి. హ్యాండిలు నిగనిగలాడుతోంది, పెడళ్ళు నిగనిగలాడుతున్నాయి. బ్రేకు తోలు నల్లగా, తడిగా, నూనె తాగి ఉబ్బి ఉంది.

హనుమంతు చేతిలోంచి నిమ్మకాయలు జారి మంచం కిందికి దొర్లాయి.

"బ్రేకుకి నూనె పోసినావా?" అన్నాడు.

"పండగపూట ఇంట్లో అందరికీ తలంటు. దీన్నొక్కదాన్నీ ఎందుకు ఎండగట్టల్ల?" అంది ఆమె.

"నూనె తగిలిన బ్రేకు ప్రాణం తీస్తాదే."

"ఎవురి ప్రాణం? ఇది గుద్దుకునేకి ఎదురుగా గోడే ఉండాది, ఆ గోడ కాడికి కూడా పోదు గదా."

ఆయన తువ్వాలు లాగి తుడవడానికి వంగాడు. అంతలోనే ఆమె చీర ఎగగట్టి సైకిలెక్కింది. ఎర్ర గుండీ గట్టిగా తిప్పి తొక్కింది. హనుమంతు అలవాటుకొద్దీ చెవులు మూసుకున్నాడు. ఆమె నోరు కదులుతోంది, ఏదో చెబుతోంది. చేతులు తీశాడు.

చప్పుడు లేదు. చెయిను సన్నగా సర్రుమంటోంది, అంతే. గేటు దగ్గరికి ఒక కుక్క అలవాటుగా వచ్చి, కాసేపు నిలబడి, నిరాశగా వెళ్ళిపోయింది. మేడమీది నుంచి ధడధడా ప్రిస్కిల్లా దిగి వచ్చింది.

"అంకుల్, సైకిలు తిరుగుతోంది గానీ శబ్దం రావట్లేదు. ఆంటీకి ఏమన్నా అయిందా?" అంది కంగారుగా.

మునివెంకటమ్మ జవాబుగా గంట మోగించింది.

హనుమంతు నేలమీద చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, ఏది ముందు వచ్చిందో ఆయనకే తెలియలేదు. బెళ్ళందూరు కుర్రాడు చెప్పబోయాడు. కాగితం చెప్పింది. ప్రిస్కిల్లా రెండుసార్లు చదివి చెప్పింది. తనకి మాత్రం ముప్పై ఏళ్ళ గొప్ప అడ్డం పడింది. "అచ్చు తప్పు కాదు. నాదే తప్పు" అన్నాడు గట్టిగానే, ఇద్దరు ఆడవాళ్ళకీ వినబడేలా.

పూజ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. నిమ్మకాయ చక్రం కింద నలగాలి. ఈ చక్రం నేలకి ఆనదాయె. చివరికి సైకిలును ముందుకి వంచితే, ఈడ్చడానికి ఉంచిన రెండు బుడ్డ చక్రాలు నేలకి తగిలాయి. ముగ్గురూ పట్టుకొని నెట్టారు. నిమ్మకాయలు నలగకుండా జారి జారి పారిపోయాయి. నాలుగోసారి ప్రిస్కిల్లా ఒకదాన్ని చెప్పుతో అడ్డుపెట్టి ఆపింది. "మా చర్చిలో చెప్పకండి ఆంటీ" అంది నవ్వుతూ. రసం చిమ్మి హనుమంతు కంట్లో పడింది. పండగ బ్రహ్మాండంగా జరిగిందని అందరూ ఒప్పుకున్నారు.

ఆ తర్వాత దాదాపు మూడు వారాలు మునివెంకటమ్మ రెండు పూటలా తొక్కింది. శుక్రవారం శుక్రవారం బ్రేకుకి నూనె పెట్టేది హనుమంతే. అటూ ఇటూ చూసి, పాత శిష్యులెవరూ కిటికీలోంచి చూడటం లేదని నిర్ధారించుకొని, అయిదు చుక్కలు వేసేవాడు.

దీపావళికి రెండు రోజుల ముందు డాక్టరు కాగితం చూసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఏడుంబావు. "సూది వద్దమ్మా. మాత్రలు చాలు. చేస్తా ఉండేది ఏమో, అది మానొద్దు" అన్నాడు. మునివెంకటమ్మ చిన్నపిల్లలా రెండు చేతులూ పైకెత్తింది. హనుమంతు గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె నేరుగా వెనకగదిలోకి నడిచి, కొక్కెం వైపు చెయ్యి చూపించింది.

"దాన్ని దించు" అంది.

"ఏడో నంబరా? ఎందుకు?"

"ఎక్కేకి."

ఆయన నోరు వెళ్ళబెట్టాడు. "నీకు సైకిలంటే ఇష్టమని ఎప్పుడన్నా చెప్పినావా?"

"నువ్వు అడిగితే గదా. దినామూ కాఫీ తీసుకొని అంగడికి వస్తా ఉంటి. ఊళ్ళో అందర్నీ ఎక్కు ఎక్కు అంటా ఉంటివి. ముప్పై ఏండ్లు లోటా పట్టుకొని నీ ముందరే నిలబడినా" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. అందుకే అది హనుమంతుకి ఎక్కడో తగిలింది.

సైకిలు దించి గోనెసంచి విప్పాడు. గాలి కొట్టాడు, బోల్టులు చూశాడు, రిమ్ములు పొడిగుడ్డతో మూడుసార్లు తుడిచాడు. వీధిలోకి తెచ్చి సీటు పట్టుకున్నాడు. ఆమె ఎక్కింది, ఆయన వెనక పరిగెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి, పంచె ఎగగట్టి, రొప్పుతూ, నవ్వుతూ. ముందు అటూ ఇటూ ఊగింది, తర్వాత నిలబడింది. మూడు నెలలు కాళ్ళాపకుండా తొక్కిన మనిషి కదా, ఆ తొక్కుడికి ఆయన అందుకోలేకపోయాడు. వదిలేశాడో, జారిపోయిందో.

ఎదురింటి వాళ్ళని దాటింది, నీళ్ళ పంపు దాటింది. గంట మోగిస్తూనే ఉంది. వీధి చివర ఎవరో ఇల్లు కడుతూ ఇసక పోశారు.

"బ్రేకు, మునెమ్మా, బ్రేకు" అని అరిచాడు హనుమంతు.

ఆమె చెయ్యి హ్యాండిలు కింద దేవులాడింది. "ఎర్ర గుండీ యాడుండాది?" అన్న మాట వినబడింది. ఆ తర్వాత ఇసక లేచింది.

ఆయన పరిగెత్తుకుంటూ చేరేసరికి ఆమె ఇసకకుప్పలో వెల్లకిలా పడి, పొట్ట పట్టుకొని నవ్వుతోంది. మోచెయ్యి గీరుకొని రక్తం కారుతోంది. దాన్ని చూసింది, కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది.

"చెప్పకుండా వదిలేసినావు" అంది.

"చెబితే పడతారని."

"చెప్పకపోయినా పడినా గదా."

హనుమంతు సైకిలు లేపి ఇసక దులిపాడు. హ్యాండిలు సరిచేసి, సీటు గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు. ఊపిరి అందడం లేదు, అయినా ఆ మాట స్పష్టంగానే వచ్చింది.

"ఎక్కు మునెమ్మా, నేను పట్టుకొనుండా."